ప్రాగ్ యూదువాడను మిగిల్చింది ఎవరు?

చెక్ రాజధాని ప్రాగ్‌లో యూదుల పాత సమాధుల తోట ముందు వరుసలో నిలబడ్డ అరగంటలో ఒకే మాట మూడుసార్లు నా చెవిన పడింది. మూడు వేరువేరు గుంపులు, ముగ్గురు గైడ్లు. మాట మాత్రం ఒకటే: “అంతరించిపోయిన జాతికి మ్యూజియం పెట్టాలని హిట్లర్ అనుకున్నాడు, అందుకే ఇవన్నీ మిగిలాయి.” వింటున్నవాళ్ళు తలలు ఊపారు. ఒకావిడ చిన్న పుస్తకంలో రాసుకుంది కూడా.

ఆ మాటకు ఆధారం లేదు. అలాంటి మ్యూజియం పెట్టమని హిట్లర్ ఇచ్చిన ఆజ్ఞ గానీ, ‘అంతరించిన జాతి మ్యూజియం’ అన్న పేరు గానీ యుద్ధకాలపు పత్రాల్లో చరిత్రకారులకు కనిపించలేదు. అయినా ఆ మాట దశాబ్దాలుగా చలామణీ అవుతూనే ఉంది. వినడానికి చిన్న పొరపాటులా ఉంటుంది కానీ, చంపినవాడికి కాపాడినవాడి పేరు కట్టబెట్టే పొరపాటు అది. నిజంగా కాపాడి, ఆ పని చేస్తూనే చనిపోయినవాళ్ళ పేర్లు దాని కింద పడి కనబడకుండా పోతున్నాయి. నా బాధంతా అదే.

యోసెఫోవ్ అని పిలిచే ఈ పేటలో ఇవాళ మనకు కనబడేదంతా ఒక్క దెబ్బ తర్వాత మిగిలింది అనుకుంటాం. నిజానికి చెరిపినవాళ్ళు ఒకరు కారు, కాలం ఒకటి కాదు, కారణమూ ఒకటి కాదు. రాజులు వెళ్ళగొట్టారు, పురపాలక సంఘం కూలగొట్టింది, నాజీలు మనుషుల్ని చంపారు, తర్వాతి ప్రభుత్వం పేర్లు చెరిగిపోనిచ్చింది. చూడటానికి వెళ్ళేవాళ్ళు ఈ పోగులు విడదీసుకోకపోతే అన్నిటికీ ఒకే కారణం చెప్పుకుని వెనక్కి వస్తారు.

ముందు ఒక పదం గురించి. సినగాగ్‌కు తెలుగు బైబిల్ అనువాదకులు ‘సమాజమందిరం’ అని పెట్టారు. చాలా మంచి మాట. హీబ్రూలో ‘బేత్ క్నెసెత్’ అంటే అక్షరాలా సమావేశపు ఇల్లు. దేవుడి విగ్రహం ఉండే చోటు కాదు, బలులు ఇచ్చే చోటు కాదు. జనం కూడి ధర్మశాస్త్రం చదువుకునే చోటు. కనీసం పదిమంది వయోజనులు కూడితేనే పూర్తి ప్రార్థన. సంప్రదాయం పాటించేచోట ఆ పదిమందీ మగవాళ్ళే కావాలి. అంటే గోడలు ఎంత పాతవైనా జనం లేకపోతే సమాజమందిరం అన్న మాటకు సగం అర్థం పోతుంది. ఈ విషయం మనకు మరీ దూరమైనదేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్‌గా చెప్పుకునే కొద్ది తెలుగు కుటుంబాలవాళ్ళు ఇలాగే చిన్న మందిరంలో కూడి విశ్రాంతిదినం పాటిస్తారు.

టికెట్ దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. మైజెల్, పింకస్, క్లౌస్, స్పానిష్ మందిరాలు, పాత సమాధుల తోట, దాని పక్కనున్న అంత్యక్రియల భవనం యూదు మ్యూజియం కిందికి వస్తాయి. వీటన్నిటికంటే పాతదైన ‘పాతకొత్త’ మందిరం మాత్రం మ్యూజియం వస్తువు కాదు. అది ప్రాగ్ యూదు సమాజం చేతిలో ఉంది, ఇప్పటికీ అందులో ప్రార్థనలు జరుగుతాయి. దాని ఎదుటి ‘ఎత్తు’ మందిరం, యూదుల టౌన్‌హాల్ కూడా సమాజానివే, వాటిలోకి యాత్రికుల్ని మామూలుగా రానివ్వరు. శనివారం, పండగ రోజుల్లో అన్నీ మూసేస్తారు. ప్రాగ్‌లో ఒక్క శనివారమే ఉండేలా ప్రయాణం పెట్టుకుని వచ్చి గేటు ముందు ఉసూరుమన్న తెలుగు కుటుంబాన్ని నేను చూశాను.

పాతకొత్త మందిరం

ఆ పేరు వినగానే నవ్వొస్తుంది గానీ, మనకు అలవాటైన సంగతే. కొత్తపేట అని పేరు పెట్టిన పేట వందేళ్ళయినా కొత్తపేటే. 1270 ప్రాంతంలో కట్టినప్పుడు ఇది కొత్త మందిరం. 16వ శతాబ్దంలో ఇంకా కొత్తవి లేచాక దీన్ని పాతకొత్త మందిరం అనడం మొదలుపెట్టారు. జనంలో మరో కథ ఉంది. హీబ్రూలో ‘అల్ తనాయ్’ అంటే ‘షరతు మీద’. యెరూషలేము దేవాలయం కూలినప్పుడు దాని రాళ్ళు దేవదూతలు ఇక్కడికి తెచ్చారట, దేవాలయం మళ్ళీ లేచినప్పుడు తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద. అల్ తనాయ్ వాళ్ళ నోట ‘ఆల్ట్ నాయ్’ అయింది, జర్మన్‌లో పాతకొత్త అని. చరిత్రగా నిలబడదు. కానీ తాము ఉంటున్న ఊరు శాశ్వతం కాదని తరతరాలుగా తెలిసినవాళ్ళకే ఇలాంటి కథ పుడుతుంది.

లోపలికి కొన్ని మెట్లు దిగాలి. వరదల భయంతో ఊరి నేల తరతరాలుగా పైకి లేస్తూ వచ్చింది, మందిరం ఉన్నచోటే ఉండిపోయింది. లోపల రెండు స్తంభాలు, వాటి మధ్య ధర్మశాస్త్రం చదివే వేదిక. పైకప్పులో ప్రతి భాగానికీ నాలుగు పట్టీలు సరిపోయేచోట ఐదు ఉన్నాయి. సిలువ ఆకారం రాకుండా ఐదోది చేర్చారని అంటారు. ఆడవాళ్ళు కూర్చునే గదికీ ప్రధాన మందిరానికీ మధ్య గోడలో సన్నటి చీలికలు మాత్రమే ఉన్నాయి, వాటిలోంచి చదివే గొంతు వినడానికి. ఆ చీలిక దగ్గర నిలబడి లోపలికి చూడండి. తరతరాలుగా సగం సమాజం ప్రార్థనను ఎలా విన్నదో కొంచెం తెలుస్తుంది.

1389 ఈస్టర్ రోజుల్లో ఊరి గుంపులు యూదువాడ మీద పడ్డాయి. మందిరంలో తలదాచుకున్నవాళ్ళను కూడా వదల్లేదు. ఆ మారణకాండ మీద అవిగ్దోర్ కారా అనే కవి, రబ్బీ (యూదు మతగురువు) హీబ్రూలో విలాపగీతం రాశాడు. ప్రాయశ్చిత్త దినాన పాతకొత్త మందిరంలో దాన్ని చదవడం సంప్రదాయంగా నిలిచింది. కారా 1439లో చనిపోయాడు. పాత సమాధుల తోటలో మనకు తేదీతో దొరుకుతున్న అన్నిటికంటే పాత రాయి అతనిదే. నాకు ఇది మామూలు విషయంగా అనిపించదు. ఆ తోటలో కాలం లెక్క మొదలయ్యేది, ఊరు తన వాళ్ళను చంపిందని రాసి పెట్టిన మనిషి దగ్గర.

మందిరం అటక గురించి అందరూ అడుగుతారు. అక్కడే గోలెం మట్టిబొమ్మ పడుకుని ఉందట. రబ్బీ లోవ్ దానికి ప్రాణం పోసి యూదువాడకు కాపలా పెట్టాడట. రబ్బీ లోవ్ కల్పన కాదు. 1609లో చనిపోయిన గొప్ప పండితుడు. పిల్లలకు వయసుకు తగినట్టు మెట్టుమెట్టుగా చదువు చెప్పాలని, తర్కపు గారడీ వద్దని వాదించినవాడు. 1592లో రుడాల్ఫ్ చక్రవర్తి అతన్ని పిలిపించి మాట్లాడాడు. ఆ సంగతి సమకాలికుడైన దావీద్ గాన్స్ రాసి పెట్టాడు. గాన్స్ చరిత్రకారుడు, ఖగోళ శాస్త్రవేత్త. టైకో బ్రాహీ, కెప్లర్‌లను ఎరిగినవాడు. ఇంత రాసిన గాన్స్ గోలెం ఊసు ఎక్కడా ఎత్తలేదు. ఆ కథను లోవ్ పేరుతో ముడిపెట్టిన రాతలు 19వ శతాబ్దంలోనే కనబడతాయి. యూదులు ఆచారాల కోసం క్రైస్తవ పిల్లల్ని చంపుతారనే రక్తనింద మోపే కుట్రల్ని గోలెం బయటపెట్టే ఘట్టాలు ఇంకా తర్వాతివి, 1909లో అచ్చయిన ఒక పుస్తకంతో లోకానికెక్కినవి. ఆ రోజుల్లో తూర్పు ఐరోపాలో అలాంటి నిందలు నిజంగానే కోర్టులకెక్కుతున్నాయి. కాపలాదారు కావలసి వచ్చిన కాలమే కాపలాదారు కథను పెంచి పోషించింది. దుకాణాల్లో అమ్మే మట్టిబొమ్మ వెనక ఈ భయం ఉంది.

రాజుగారి సొత్తు

ప్రాగ్ గురించి దొరుకుతున్న తొలి వర్ణనల్లో ఒకటి యూదు యాత్రికుడిదే. 10వ శతాబ్దంలో స్పెయిన్ వైపు నుంచి వచ్చిన ఇబ్రాహీం ఇబ్న్ యాకూబ్, రాయీ సున్నంతో కట్టిన ఊరు అని రాశాడు. ప్రాగ్ యూదులు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కారు. 1096లో మొదటి క్రూసేడ్ (క్రైస్తవ మతయుద్ధం) దండు వచ్చి బలవంతంగా బాప్తిస్మాలు ఇప్పించే నాటికే ఇక్కడ స్థిరపడి ఉన్నారు.

1254లో రాజు రెండో ఒటకార్ ఇచ్చిన శాసనం ప్రకారం యూదులు రాజు ఖజానాకు చెందినవాళ్ళు. వాళ్ళను కొట్టినా చంపినా రాజు సొత్తుకు నష్టం చేసినట్టు లెక్క. కాబట్టి శిక్ష ఉంటుంది. రక్షణ అంటే రక్షణే. కానీ సొత్తును యజమాని ఎప్పుడైనా తాకట్టు పెట్టవచ్చు, పిండుకోవచ్చు, గెంటేయవచ్చు. తర్వాతి ఐదు వందల ఏళ్ళ ప్రాగ్ యూదుల చరిత్ర అంతా ఈ ఒక్క శాసనపు రెండు ముఖాలే.

మొర్దెకాయ్ మైజెల్ కథ చూస్తే ఇది అర్థమవుతుంది. రుడాల్ఫ్ చక్రవర్తి కాలంలో యూదువాడ పెద్ద, గొప్ప ధనికుడు. తుర్కులతో యుద్ధాలకు చక్రవర్తికి అప్పులిచ్చాడు. తన సంపదతోనే యూదువాడ వీధులకు రాళ్ళు పరిపించాడు, టౌన్‌హాల్ కట్టించాడు, తన పేర మందిరం కట్టించాడు. ఆస్తిని వారసులకు ఇష్టప్రకారం రాసుకోవచ్చని చక్రవర్తే హక్కు ఇచ్చాడు. 1601లో మైజెల్ కన్నుమూశాడు. ఆ వెంటనే చక్రవర్తి మనుషులు వచ్చి ఆస్తి జప్తు చేశారు. వారసుల వ్యాజ్యం దశాబ్దాలపాటు సాగింది. మైజెల్ మందిరంలో ఇప్పుడు యూదుల చరిత్ర ప్రదర్శన ఉంది. వెండి పాత్రల మెరుపు చూసి ముందుకు పోకుండా, ఆ వెండి ఎవరి దయ మీద అక్కడ ఉందో గుర్తుంచుకోవాలి.

గెంటివేతలూ అంతే. 16వ శతాబ్దంలో ఫెర్డినాండ్ రాజు రెండుసార్లు వెళ్ళగొట్టాడు. 1744 డిసెంబరులో ఆస్ట్రియా రాణి మరియా తెరీసా, శత్రువైన ప్రష్యా సేనకు సాయపడ్డారన్న అనుమానంతో ప్రాగ్ యూదులందరినీ ఊరు విడిచి పొమ్మంది. చలికాలంలో పసిపిల్లలతో, ముసలివాళ్ళతో వేలమంది పల్లెలు పట్టిపోయారు. నాలుగేళ్ళ తర్వాత, భారీ పన్ను కట్టేందుకు ఒప్పుకున్నాక, తిరిగి రానిచ్చారు. వాళ్ళు పోయాక ఊరి వ్యాపారమే కుంటుపడింది మరి.

నన్ను ఎక్కువ కలచినది గెంటివేత కంటే 1726 నాటి ఒక లెక్క. ప్రాగ్ రాజధానిగా ఉన్న బొహీమియాలో యూదు కుటుంబాలు 8,541కి మించకూడదని చట్టం. పెళ్ళి చేసుకునే హక్కు పెద్దకొడుక్కి మాత్రమే, అదీ తండ్రి చనిపోయి స్థానం ఖాళీ అయితే. మిగతా కొడుకులు దేశం విడిచిపోవాలి, లేదా దొంగచాటుగా పెళ్ళాడాలి. అలా పుట్టిన పిల్లలు చట్టం కళ్ళకు అక్రమ సంతానం. ఈ చట్టం 1848 విప్లవం దాకా బతికింది. కత్తి పట్టకుండా, నిప్పు పెట్టకుండా, ఒక జనాన్ని కాగితం మీద కత్తిరించిన తీరు అది.

ఒకరి మీద ఒకరు

సమాధుల తోట ఆ ఇరుకుకు సాక్ష్యం. సుమారు 12,000 రాళ్ళు, పళ్ళు ఒకదాని మీద ఒకటి మొలిచినట్టు, పక్కకు ఒరిగి, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఫోటోల్లో అందంగా ఉంటుంది. కారణం మాత్రం అందమైనది కాదు. యూదు ధర్మంలో పూడ్చిన శరీరాన్ని కదపకూడదు. శ్మశానం పెంచుకోవడానికి ఊరు చాలినంత స్థలం ఇవ్వదు. అందుకని పాత సమాధుల మీద కొత్త మట్టి పోసి, దాంట్లో కొత్తవాళ్ళను పూడ్చి, కింది రాళ్ళను పైకి తెచ్చి నిలబెట్టారు. కొన్నిచోట్ల ఇలా పన్నెండు పొరల దాకా ఉన్నాయంటారు. తోట వీధి కంటే అంత ఎత్తుగా ఉండటానికి కారణం ఆ మట్టే.

రాళ్ళ మీద మనుషుల బొమ్మలు ఉండవు, గుర్తులు ఉంటాయి. ఆశీర్వదించే రెండు చేతులుంటే యాజక వంశం, నీళ్ళకూజా ఉంటే ఆలయసేవ చేసే లేవీ వంశం. సింహం, జింక, చేప లాంటివి ఇంటిపేర్లు. దావీద్ గాన్స్ రాయి మీద బాతు ఉంది. జర్మన్‌లో గాన్స్ అంటే ఆ జాతి పక్షే. తేదీలు హీబ్రూ అక్షరాల్లో ఉంటాయి, వాళ్ళకు అక్షరాలే అంకెలు. కటపయాది తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు, పద్ధతి వేరైనా. అదే పద్ధతిలో టౌన్‌హాల్ మీద 18వ శతాబ్దపు గడియారం ఒకటి ఉంది: హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి దాని ముళ్ళు కూడా ఎదురు తిరుగుతాయి. రబ్బీ లోవ్ సమాధి మీద చీటీలు పెట్టి మొక్కుకుంటారు, చిన్న గులకరాళ్ళు ఉంచుతారు. పూలు పెట్టడం వాళ్ళ ఆచారం కాదు.

ఇక్కడ 1787లో పూడ్చడం ఆగిపోయింది. ఊరి మధ్య శ్మశానాలు వద్దని రెండో జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ. యూదులకే కాదు, అందరికీ. ఈ జోసెఫ్ పేరే యోసెఫోవ్‌కు పెట్టారు. అతని సహన శాసనం యూదులకు బడులూ విశ్వవిద్యాలయాలూ తెరిచింది, వేరే బట్టలు కట్టాలన్న నియమం తీసేసింది. బదులుగా లెక్కలు జర్మన్‌లో రాయాలి, ఇంటిపేర్లు జర్మన్‌వి పెట్టుకోవాలి. తలుపు తెరిచాడు, లోపలికి వచ్చేవాళ్ళు తమ భాషను గుమ్మంలో వదిలి రమ్మన్నాడు. ఆ తర్వాత నూరేళ్ళకు చెక్ జాతీయవాదులు ప్రాగ్ యూదుల్ని ‘జర్మన్ పక్షం’ అని వేలెత్తి చూపడానికి మూలం ఇక్కడుంది.

ఆ తలుపులోంచి నడిచినవాళ్ళ గర్వం స్పానిష్ మందిరంలో కనబడుతుంది. 1868లో కట్టారు. స్పెయిన్‌తో దీనికి సంబంధం లేదు; బంగారు, ఎరుపు, ఆకుపచ్చ అల్లికలతో స్పెయిన్ ముస్లిం కట్టడాల తీరులో ఉన్నందుకు ఆ పేరు. పాతకొత్త మందిరపు చీకటిలోంచి ఇందులోకి వస్తే కళ్ళు చెదురుతాయి. ఇక దాచుకోనక్కర్లేదు, మేమూ ఈ ఊరివాళ్ళమే అని గోడలన్నీ చెబుతున్నట్టుంటుంది. దీనికి ముందు ఇక్కడున్న ‘పాత బడి’ అనే మందిరంలో ఆర్గన్ వాయించినవాడు ఫ్రాంటిషెక్ ష్క్రౌప్. చెక్ జాతీయగీతానికి బాణీ కట్టింది ఇతనే.

కూల్చింది నాజీలు కాదు

ఇప్పుడు పార్జిష్‌స్కా వీధిలోకి రండి. పేరుకు తగ్గట్టు పారిస్ వీధే: రెండువైపులా అలంకారాల మేడలు, ఖరీదైన సంచులూ గడియారాలూ అమ్మే దుకాణాలు. ఆరు మందిరాలూ ఒక శ్మశానమూ సరే, మనుషులు ఉన్న ఇళ్ళేవి? అని ఇక్కడ నిలబడి అడగాలి. గైడ్లు చాలామంది అడగనివ్వరు.

ఇళ్ళను ప్రాగ్ పురపాలక సంఘమే కూల్చింది. 1848 తర్వాత యూదులు ఊళ్ళో ఎక్కడైనా ఉండవచ్చని తేలాక, కలిగినవాళ్ళు యూదువాడ వదిలి వెళ్ళారు. వాళ్ళ స్థానంలో అన్ని మతాల నిరుపేదలూ చేరారు. ఇరుకు, మురుగు, రోగాలు. వ్ల్టావా నది 1890లో పెద్ద వరద తెచ్చింది. 1893లో ఆరోగ్యం పేరుతో పేటను ఊడ్చిపారేసే చట్టం వచ్చింది. ఇరవయ్యేళ్ళలో సందులూ, ఇళ్ళూ దాదాపు అన్నీ పోయాయి. మూడు పురాతన మందిరాలు కూడా పోయాయి. వాటిలో ‘సిగోయ్‌నర్’ మందిరంలోనే 1896లో, తర్వాత పేరుమోసిన రచయిత అయిన ఫ్రాంజ్ కాఫ్కాకు కుర్రతనంలో బార్ మిత్స్వా జరిగింది, మన ఉపనయనం లాంటి ఘట్టం. పేదవాళ్ళ ఆరోగ్యం బాగుపడాలన్నది న్యాయమైన కోరికే. కానీ కొత్త మేడల్లో చేరింది ఆ పేదవాళ్ళు కారు. మన నగరాల్లో బస్తీలు ఖాళీ చేయించడం చూసినవాళ్ళకు ఇందులో కొత్తగా వివరించాల్సింది లేదు.

పోయిన పేట ఎలా ఉండేదో చూడాలంటే యోసెఫోవ్‌లో కుదరదు, ప్రాగ్ నగర మ్యూజియానికి వెళ్ళాలి. లాంగ్‌వైల్ అనే గ్రంథాలయ ఉద్యోగి 1826 నుంచి 1837 దాకా ఊరిలో పెద్ద భాగాన్ని అట్టముక్కలతో బొమ్మకట్టాడు. రెండువేలకు పైగా ఇళ్ళు, ఒక్కో కిటికీతో సహా. కూలిపోయిన యూదువాడ అందులో ఉంది.

ఈ కూల్చివేతే యూదు మ్యూజియాన్ని పుట్టించింది. కూలుతున్న మందిరాల నుంచి తోరా (ధర్మశాస్త్రం) తెరలూ, వెండి కిరీటాలూ, పుస్తకాలూ చెల్లాచెదురు కాకుండా సలొమోన్ హ్యూగో లీబెన్ అనే చరిత్రకారుడూ, ఆగుస్ట్ ష్టైన్ అనే సమాజం పెద్దా 1906లో సంఘం పెట్టి సేకరించడం మొదలుపెట్టారు. హిట్లర్‌కు అప్పటికి పదిహేడేళ్ళు. మ్యూజియం వాడి ఆలోచన అన్న కథకు ఈ ఒక్క తేదీ చాలు.

1942

మరి యుద్ధంలో ఎందుకు మిగిలాయి? ఒకే జవాబు లేదు. 1938 నవంబరులో జర్మనీ అంతటా మందిరాలు తగలబెట్టిన రాత్రి ప్రాగ్ ఇంకా జర్మన్ల చేతిలో లేదు. అప్పటికే వాళ్ళు ఆక్రమించిన చెక్ సరిహద్దు ప్రాంతాల్లో మందిరాలు కాలిపోయాయి. 1939 మార్చి 15న ప్రాగ్‌లోకి వచ్చారు. ఆ రాత్రే ఒలొమౌట్స్ ఊరి మందిరం తగలబడింది. ప్రాగ్‌లో గుంపుల దహనకాండకు బదులు పత్రాలతో, జాబితాలతో దోపిడీ నడిచింది. ఖాళీ చేసిన మందిరాలు దోచిన సామానుకు గోదాములుగా పనికొచ్చాయి. ఇక ప్రాగ్‌లోకెల్లా పెద్దదైన వినోహ్రాదీ మందిరం మిగల్లేదు. 1945 ఫిబ్రవరిలో అమెరికన్ బాంబుల వల్ల దెబ్బతింది, ఆరేళ్ళకు పడగొట్టేశారు.

మ్యూజియం సంగతి వేరే. 1941 అక్టోబరులో యూదుల్ని నిర్బంధానికి తరలించే రైళ్ళు ప్రాగ్ నుంచి బయల్దేరాయి. ఆ తర్వాత పల్లెల్లో, చిన్న ఊళ్ళలో యూదు సమాజాలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతుంటే వాళ్ళ మందిరాల్లోని తోరా చుట్టలూ, తెరలూ, దీపాలూ, పుస్తకాలూ దిక్కులేకుండా పడి ఉన్నాయి. వాటన్నిటినీ ప్రాగ్‌కు తెప్పించి భద్రపరచాలన్న ప్రతిపాదన యూదు సమాజంలో పనిచేసేవాళ్ళ నుంచి వచ్చింది. నాజీల సాయుధ సంస్థ ఎస్సెస్ కార్యాలయం 1942లో ఒప్పుకుంది. దోచిన సొత్తుకు లెక్క తేలుతుందనే లాభం వాళ్ళకు ఉంది. సుమారు 150 సమాజాల నుంచి పెట్టెలు వచ్చాయి. యోసెఫ్ పోలాక్, గ్రంథపాలకుడు తొబియస్ యాకొబొవిట్స్ లాంటి నిపుణులు ఒక్కో వస్తువుకు చీటీ రాశారు: ఏ ఊరిది, ఏ కాలానిది, దాని మీద ఎవరి పేరు ఉంది. ప్రదర్శనలూ తయారు చేశారు, చూసేందుకు వచ్చింది ఎస్సెస్ అధికారులే.

ఒకే కప్పు కింద ఒకే పని, చేయించేవాళ్ళ ఉద్దేశం ఒకటి, చేసేవాళ్ళ ఉద్దేశం దానికి పూర్తిగా ఎదురు. చీటీలు రాస్తున్నవాళ్ళ పేర్లూ రైలు జాబితాల్లోకి ఎక్కుతూ ఉన్నాయి. యుద్ధం ముగిసేసరికి పోలాక్, యాకొబొవిట్స్ ఇద్దరూ బతికి లేరు. అక్కడి నిపుణుల్లో మిగిలిన హనా వోలవ్కొవా తర్వాత మ్యూజియాన్ని నడిపింది. వాళ్ళు రాసిన ఆ చీటీల వల్లే ఒక తెర ఏ ఊరిదో ఇవాళ చెప్పగలుగుతున్నాం; ఆ ఊళ్ళో యూదులు ఇప్పుడు ఒక్కరూ లేకపోయినా సరే.

అందుకే పింకస్ మందిరంలో నిశ్శబ్దంగా నిలబడాలి. ఇవాళ్టి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాల యూదుల్లో చంపబడిన సుమారు 78,000 మంది పేర్లు గోడల మీద చేత్తో రాశారు, ఊరి వారీగా, ఇంటిపేరు వారీగా. పుట్టిన తేదీ, బతికున్నట్టు తెలిసిన చివరి తేదీ. దూరం నుంచి చూస్తే బూడిదరంగు నేతలా ఉంటుంది. దగ్గరకెళితే ఒకే ఇంటిపేరు కింద నలుగురైదుగురు. పై అంతస్తులో టెరెజీన్ నిర్బంధ నగరంలో పిల్లలు వేసిన బొమ్మలు: ఇళ్ళు, సీతాకోకచిలుకలు, భోజనాల బల్ల. వాళ్ళకు బొమ్మలు నేర్పిన ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్‌ను 1944లో ఆష్‌విట్జ్ మృత్యుశిబిరానికి పంపారు. వెళ్ళేముందు ఆమె పోగుచేసిన బొమ్మలు రెండు పెట్టెల్లో దాగి బయటపడ్డాయి, సుమారు 4,500.

పేర్లు రెండుసార్లు రాయవలసి వచ్చింది

ఆ గోడల మీద పేర్లు మొదట 1950లలో వాట్స్లావ్ బొష్తీక్, యిర్జీ యోన్ అనే చిత్రకారులు రాశారు. మ్యూజియం 1950లోనే ప్రభుత్వం చేతికి వెళ్ళింది. 1968లో నేలలో నీరు ఊరుతోందని మందిరం మూసేశారు. మరమ్మతులు ఏళ్ళకేళ్ళు సాగదీశారు, ఆ సందట్లో పేర్లు పోయాయి. కమ్యూనిస్టు పాలన కూలిన తర్వాతే, 1992 నుంచి 1996 దాకా, మళ్ళీ మొదటినుంచి రాశారు. 2002 వరదలో కింది వరసలు తడిసిపోతే వాటిని మరోసారి దిద్దారు. మ్యూజియం యూదు సమాజానికి తిరిగి చెందింది 1994లో.

యుద్ధకాలంలో కూడబెట్టిన తోరా చుట్టల్ని కూడా ప్రభుత్వం అమ్మేసింది. మిఖ్లే అనే పేట మందిరంలో తేమలో పడి ఉన్న 1,564 చుట్టలు 1964లో లండన్ చేరాయి. అక్కడి వెస్ట్‌మిన్‌స్టర్ మందిరంలో బాగుచేయించి, లోకమంతటా ఉన్న సమాజాలకు చదువుకోవడానికి ఇచ్చారు. మరోవైపు జిజ్‌కోవ్ పేటలో టెలివిజన్ స్తంభం కట్టేందుకు 1980లలో పాత యూదు శ్మశానంలో పెద్ద భాగం తవ్వేశారు. వాట్స్లావ్ కూడలి బాటకు పరిచిన రాళ్ళను 2020లో మరమ్మతు కోసం లేపితే, కొన్నిటి అడుగున హీబ్రూ అక్షరాలు కనబడ్డాయి. సమాధి రాళ్ళను ముక్కలు చేసి, రాత ఉన్న వైపు కిందికి తిప్పి, ఊరి జనం నడిచే దారికి పరిచారన్నమాట.

వెళ్ళేవాళ్ళకు నా సలహా: పింకస్‌తో మొదలుపెట్టకండి. అది మొదట చూస్తే మిగతా వెయ్యేళ్ళూ దానికి ముందుమాటలా కనబడతాయి. పాతకొత్త మందిరంతో మొదలుపెట్టి, సమాధుల తోట, మైజెల్, స్పానిష్ చూసి, పార్జిష్‌స్కా వీధిలో కాసేపు నిలబడి, అప్పుడు పింకస్‌కు రండి. మగవాళ్ళు తల కప్పుకోవాలి. కిప్పా టోపీ అక్కడే ఇస్తారు. ఇంకో పూట ఉంటే కొత్త యూదు శ్మశానానికి వెళ్ళండి, కాఫ్కా సమాధి అక్కడే. అదీ కుదరకపోతే ప్రధాన రైల్వే స్టేషన్ దగ్గర యెరూషలేము వీధిలో ఉన్న జూబిలీ మందిరం చూడండి. పురపాలక సంఘం కూల్చిన మూడు మందిరాలకు బదులుగా కట్టి 1906లో తెరిచారు, మ్యూజియం పుట్టిన ఏడాదే. యుద్ధంలో దోచిన సామాను నింపే గోదాము అది. ఇప్పుడు అక్కడ మళ్ళీ ప్రార్థనలు జరుగుతున్నాయి.